వెంట్రుకవాసి అందం!

ముఖం మీద పెంచాలి... ఒంటి మీద తుంచాలి! ఇదీ నేటి కుర్రాళ్ల అందానికి కొత్త లెక్క. నగరాల్లోనే కాదు, పల్లెల్లోనూ ఇదే మోజు. ఇంతకీ ఈ నునుపు ఎవరి కోసం? అమ్మాయిలు నిజంగా కోరుకుంటున్నారా? చర్మానికి ఇది మంచిదేనా?

గడ్డం దట్టంగా ఉండాలి. మీసం కోరగా తిరగాలి. మెడ దాటి కిందికొస్తే మాత్రం ఒక్క వెంట్రుకైనా కనిపించకూడదు!

వినడానికి చిత్రంగా ఉన్నా, ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు మగవాడి అందాన్ని ఇలాగే కొలుస్తున్నారు. ఒకే మనిషి, ఒకే చర్మం. పైన మొలిస్తే మగతనం, కింద మొలిస్తే మొరటుతనం. గడ్డం రాని కుర్రాడు రావడానికి మందు రాసుకుంటాడు. ఛాతీ మీద వచ్చిన కుర్రాడు పోవడానికి క్రీము పూసుకుంటాడు. ఇద్దరి బాధా ఒకటే... ‘నేను ఆమెకు నచ్చుతానా?’

సారంగాపూర్ నుంచి రోజూ జగిత్యాల బస్సెక్కి కాలేజీకి వెళ్లే ఓ కుర్రాణ్ని ఊహించుకోండి. చేతిలో సెల్‌ఫోను. అందులో చొక్కా విప్పిన హీరోలు, కసరత్తు చేసే కండల వీరులు. అందరి ఒళ్లూ అద్దంలా మెరుస్తుంటుంది. ఇంటికెళ్లి తలుపేసుకుని అద్దంలో తన ఛాతీ చూసుకుంటాడు. భుజాల మీదా వీపు మీదా నల్లగా వెంట్రుకలు. అమ్మను అడగలేడు. నాన్నతో అనలేడు. స్నేహితులతో అంటే ఎలుగుబంటి అని పేరు పెడతారు. ఇక మిగిలింది బ్లేడు... లేదంటే ఎవరో చెప్పిన క్రీము. ఇలాంటివాళ్లు కోరుట్లలో ఉన్నారు, సిరిసిల్లలో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, అమెరికాలోని మన పిల్లల్లోనూ ఉన్నారు. ఎవరూ పైకి చెప్పరంతే.

మొక్కు నుంచి మోజు దాకా...

వెంట్రుక తీయించుకోవడం మనకు కొత్త కాదు. పుట్టిన బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ రాజన్న దగ్గరికి వెళ్తాం. కొండగట్టు అంజన్నకు, ధర్మపురి నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకుంటాం. కన్నవాళ్లు పోతే కొడుకు మీసంతో సహా తీయించుకుంటాడు. అయ్యప్ప మాలో, హనుమాన్ మాలో వేసుకున్నవాళ్లు దీక్ష ముగిసేదాకా గడ్డానికి కత్తి తగలనివ్వరు. పెంచినా, తీసినా దానికో అర్థం ఉంది. ఒకచోట భక్తి, ఒకచోట దుఃఖం, ఇంకోచోట నియమం.

ఒంటి వెంట్రుకల సంగతీ అంతే. పసిపిల్లలకు నూనె రాసి, పిండి ముద్దతో ఒళ్లంతా రుద్ది నూగు రాల్చేది మన అమ్మమ్మలే. పెళ్లికొడుకును చేసేటప్పుడు గోళ్లు తీయించి, గడ్డం గీయించి, పసుపూ నలుగుపిండీ పెట్టి తలంటు పోస్తారు. పెళ్లికి ముందు మగవాణ్ని నున్నగా, శుభ్రంగా తయారుచేయడం తెలంగాణ ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న తంతే. కోరుట్ల, జగిత్యాల ముస్లిం ఇళ్లలోనూ దీనికో పద్ధతుంది. చంకల్లో, నాభి కింద వెంట్రుకలు తీసుకోవడం ఇస్లాంలో శుభ్రతలో భాగం. నలభై రోజులకు మించి వదిలేయకూడదన్నది నియమం.

మరి కొత్తగా వచ్చిందేమిటి? సిగ్గు. శుభ్రత కోసమో, మొక్కు కోసమో తీసిన వెంట్రుకను ఇప్పుడు ‘ఉంటే తప్పు’ అని తీస్తున్నారు. అసలు తేడా అక్కడే ఉంది.

వాత్స్యాయనుడూ చెప్పాడు!

‘అంతా సినిమాల మాయ. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?’ అంటారు పెద్దలు. వాళ్ల కాలం సంగతేమో కానీ, వాత్స్యాయనుడి కాలంలో మాత్రం ఉన్నాయి. పట్నవాసపు రసికుడు రోజూ ఏమేం చేయాలో కామసూత్రాల్లో ఓ పట్టికే ఇచ్చాడాయన. నాలుగు రోజులకోసారి ముఖక్షవరం. అయిదు రోజులకో పది రోజులకో ఒంటి వెంట్రుకలు తీయించుకోవడం. చరకసంహిత వైద్యగ్రంథం. అందులోనూ పక్షానికి మూడుసార్లు జుట్టు, గడ్డం, ఒంటి వెంట్రుకలు, గోళ్లు తీయించుకోమని ఉంది. చరకుడు ఆరోగ్యం కోసం చెప్పాడు, వాత్స్యాయనుడు సొగసు కోసం చెప్పాడు.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు ఇంకో అడుగు ముందుకేశాడు. బృహత్సంహితలో మగవాడి లక్షణాలు చెబుతూ రోమకూపాలను లెక్కపెట్టాడు. ఒక్కో కూపానికి ఒక్కో వెంట్రుక ఉంటే రాజట. రెండేసి ఉంటే పండితుడట. మూడూ అంతకుమించి ఉంటే దరిద్రుడట! ఒంటి వెంట్రుకలతో మనిషి విలువ కట్టే అలవాటు ఎంత పాతదో చూశారా?

మన దేశమే కాదు. ఈజిప్టు పూజారులు రోజు విడిచి రోజు ఒళ్లంతా గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ రాశాడు. దేవుడి సన్నిధికి పేనుతో వెళ్లకూడదని వాళ్ల పట్టింపు.

తెర మీద దేవుడు... తెర మీద కండలు

తెలుగువాడి కళ్లకు మగవాడి అందాన్ని నేర్పింది పూర్వం గుళ్లో విగ్రహం, తర్వాత గోడ మీది క్యాలెండరు, ఆ తర్వాత వెండితెర. క్యాలెండర్లో రాముడికి, కృష్ణుడికి మీసం ఉండదు. ఒళ్లు నున్నగా నీలంగా మెరుస్తుంటుంది. రాక్షసులకేమో బుర్రమీసాలు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ గుర్తు చేసుకోండి. కృష్ణుడిగా ఎన్టీఆర్ నున్నటి చెంపలు ఒకవైపు, ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు మీసాలు మరోవైపు. మనం ఇద్దరినీ ప్రేమించాం. ఒకరి అందాన్ని, ఇంకొకరి దర్పాన్ని.

సాంఘిక సినిమాల్లో మీసం హీరో ముఖం మీదికొచ్చింది. చొక్కా పై గుండీలు విప్పి ఛాతీ కనిపించేలా తిరగడం 70, 80 దశకాల్లో మగటిమికి గుర్తు. హిందీలో అనిల్ కపూర్ ఛాతీ మీద వెంట్రుకలు దాచుకున్నదే లేదు. ఇంగ్లిషు సినిమాలో జేమ్స్ బాండూ అంతే. 1962లో ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ ఛాతీ నిండా వెంట్రుకలే. 2006లో ‘క్యాసినో రాయల్’లో సముద్రంలోంచి నడిచొచ్చిన డేనియల్ క్రెయిగ్ ఒళ్లు మాత్రం నున్నగా ఉంది. బాండు మారలేదు, కాలం మారింది.

మన దగ్గరా దాదాపు అప్పుడే మారింది. 1998లో సల్మాన్ ఖాన్ చొక్కా లేకుండా పాడితే హిందీ దేశం ఊగింది. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపిస్తే తెలుగు కుర్రాళ్లు జిమ్‌ల బాట పట్టారు. అదే ఏడాది ‘ఓం శాంతి ఓం’తో షారుక్ ఖాన్ కూడా ఆరు పలకలు చూపించాడు. 2012లో ‘పూలరంగడు’ కోసం హాస్యనటుడిగా పేరొందిన సునీల్ సైతం కండలు పెంచాడు. కష్టపడి తెచ్చుకున్న కండ కనిపించాలంటే పైన వెంట్రుక అడ్డం. పోటీలకు వెళ్లే బాడీబిల్డర్లు వెంట్రుకలు తీసేది అందుకే. ఈతగాళ్లు తీసేది నీళ్లలో వేగం కోసం. వాళ్లకది వృత్తి అవసరం. చూసినవాళ్లకు మాత్రం అదే అందమైపోయింది.

అంతలో గాలి మళ్లీ మళ్లింది. 2017లో ‘అర్జున్ రెడ్డి’తో విజయ్ దేవరకొండ గడ్డం ఊరూరా మొలిచింది. 2018లో ‘రంగస్థలం’, ‘కేజీఎఫ్’, 2021లో ‘పుష్ప’... గడ్డం ఇంకా గుబురైంది. పెళ్లిచూపులకు గడ్డం గీసుకుని రమ్మనే తండ్రికీ, గడ్డమే నా అందం అనే కొడుక్కీ ఇళ్లలో తగవులు మొదలైంది అప్పుడే. కండల మోజు మాత్రం పోలేదు. రెండూ కలిసి, ‘పైన గుబురు, కింద నునుపు’ అన్న కొత్త సూత్రం పుట్టింది.

బ్లేడు వెనక లెక్క

ఇందులో వ్యాపారం పాత్ర చిన్నదేం కాదు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ వాడి పారేసే బ్లేడు అమ్మడం మొదలుపెట్టింది 1903లో. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం ఆ కంపెనీ దగ్గర 35 లక్షల రేజర్లు తీసుకుంది. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన మగవాళ్లు రోజూ గీసుకోవడానికి అలవాటు పడిపోయారు.

అయితే మగవాళ్ల గడ్డం ఒక్కటే ఎంతకాలం అన్నం పెడుతుంది? 1915లోనే అదే కంపెనీ ఆడవాళ్ల కోసం ప్రత్యేక రేజర్ తెచ్చింది. చేతుల్లేని గౌన్లు అప్పుడే వస్తున్నాయి. చంకల్లో వెంట్రుక అనాగరికమని ప్రకటనలు చెప్పడం మొదలైంది. అంతకుముందు ఎవరికీ పట్టని విషయం, కొన్నేళ్లలో ఆడవాళ్లకు సిగ్గుపడాల్సిన విషయమైపోయింది.

దశాబ్దాల తర్వాత ఆ చక్రం మగవాళ్ల వైపు తిరిగింది. ఇంగ్లండ్‌లో మార్క్ సింప్సన్ అనే రచయిత అందం మీద శ్రద్ధ పెట్టే పట్నపు మగవాడికి 1994లో ‘మెట్రోసెక్సువల్’ అని పేరు పెట్టాడు. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ పుణ్యమా అని ఆ మాట ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 2005లో ఇమామి కంపెనీ మగవాళ్లకంటూ ‘ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్’ క్రీము తెచ్చింది. ఆడవాళ్లను దశాబ్దాలుగా వేధించిన తెలుపు పిచ్చి మగవాళ్లకూ అంటింది. 2010లో జిల్లెట్ సంస్థ మన దేశం కోసమే ‘గార్డ్’ అనే రేజర్‌ను 15 రూపాయలకు విడుదల చేసింది. పల్లెటూరి కిరాణా కొట్లోనూ దొరకాలన్నది దాని ఉద్దేశం. 2014లో అదే సంస్థ మగవాళ్ల ఒంటి వెంట్రుకల కోసం ‘బాడీ’ రేజర్ తెచ్చింది.

గడ్డాల మోజు ముదిరితే బ్లేడు కంపెనీకి ఏమవుతుంది? 2019లో జిల్లెట్ యజమాని ప్రోక్టర్ అండ్ గాంబుల్ సంస్థ ఆ వ్యాపారం విలువను లెక్కల్లో 800 కోట్ల డాలర్ల మేర తగ్గించుకుంది. మగవాళ్లు గీసుకోవడం తగ్గించారన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. మరి మన దగ్గర గడ్డానికి నూనెలు, సబ్బులు, దువ్వెనలు అమ్మే కంపెనీలు పుట్టుకొచ్చాయి. తీసినా బేరమే, పెంచినా బేరమే! మీ ఒంటి మీద వెంట్రుక ఎలా ఉన్నా సరే... అలాగే ఉండనివ్వకపోవడమే వ్యాపార రహస్యం.

ఇంతకీ ఆమెకేం నచ్చుతుంది?

అసలు ప్రశ్న ఇది. దీని మీద శాస్త్రవేత్తలు చాలా కుస్తీ పట్టారు. వాళ్లు కనుక్కున్నది చూస్తే నవ్వొస్తుంది.

2003లో ప్రచురించిన ఓ అధ్యయనంలో బ్రిటన్, శ్రీలంక యూనివర్సిటీల్లోని మహిళలకు మగవాళ్ల బొమ్మలు చూపించారు. ఛాతీ మీద వెంట్రుకలున్న బొమ్మలకు ఎక్కువ మార్కులు పడ్డాయి. 2010లో న్యూజీలాండ్, అమెరికా మహిళల మీద ఇలాంటిదే ఇంకొకటి వచ్చింది. అక్కడ వెంట్రుకలు లేని బొమ్మలే గెలిచాయి. వెంట్రుకలు పెరిగేకొద్దీ మార్కులు తగ్గాయి. అదే ఏడాది ఫిన్లాండ్ పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. తండ్రికి ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువగా ఉన్న అమ్మాయిలు, అలాంటి మగవాళ్లనే ఎక్కువగా ఇష్టపడ్డారట. అంటే చిన్నప్పట్నుంచి కళ్లముందున్న ప్రేమమూర్తి రూపమే మనసులో నిలిచిపోతోందన్నమాట!

గడ్డం సంగతి చూద్దాం. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు నున్నటి గడ్డం, కొద్దిగా మాసిన గడ్డం, పదిరోజుల గడ్డం, నిండు గడ్డం... ఇలా ఒకే మనిషి ఫొటోలు చూపించి అడిగారు. ఆకర్షణలో పది రోజుల గడ్డానికి మహిళలు ఎక్కువ మార్కులేశారు. ‘మంచి తండ్రి అవుతాడా?’ అని అడిగితే నిండు గడ్డానికి ఓటేశారు. మరుసటి ఏడాది వాళ్లే ఇంకో తమాషా చూపించారు. వరసగా గడ్డాలవాళ్లనే చూపిస్తే మధ్యలో వచ్చిన నున్నటి ముఖం నచ్చింది. వరసగా నున్నటి ముఖాలే చూపిస్తే గడ్డంవాడు నచ్చాడు. అరుదుగా ఉన్నదే అందం! అందరూ గడ్డం పెంచితే గడ్డం విలువ పడిపోతుంది. అందరూ గీసుకుంటే గడ్డానికి గిరాకీ వస్తుంది. సిరిసిల్లలో బట్ట నేసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఏడు ఎగబడి కొన్న రంగు, వచ్చే ఏడు దుకాణంలో మూలన పడి ఉంటుంది.

ఈ పరిశోధనలన్నీ కలిపితే తేలేదేమిటి? అందరికీ నచ్చే ఒళ్లు అంటూ ఒకటి లేదు. దేశాన్ని బట్టి, ఇంటిని బట్టి, చుట్టూ ఉన్నవాళ్లను బట్టి ఇష్టం మారిపోతుంది. పైగా ఇవన్నీ బొమ్మలు చూసి వేసిన మార్కులు. బొమ్మ మాట్లాడదు, నవ్వదు, కోపం తెచ్చుకోదు. జీతం ఇంట్లో ఇస్తుందో లేదో తెలీదు. అమ్మాయి ఏడడుగులు వేసేది బొమ్మతో కాదు కదా!

పెళ్లిచూపుల్లో తిరిగిన అద్దం

మన దగ్గర ప్రేమలున్నాయి, డేటింగ్ యాప్‌లున్నాయి, మ్యాట్రిమోనీ సైట్లున్నాయి. అయినా జగిత్యాల పల్లెల్లో సంబంధం అంటే ఇప్పటికీ పెళ్లిచూపులే. ఇంతకాలం ఆ చూపులు ఒకవైపే సాగాయి. అమ్మాయి తెలుపా, నలుపా? జడ ఎంత? పై పెదవి మీద నూగుందా? చేతుల మీద వెంట్రుకలున్నాయా? గదిలో ఇంతమంది మధ్య కూర్చోబెట్టి ఆడపిల్ల ఒళ్లంతా కళ్లతో కొలిచారు. పెళ్లిచూపుల ముందు దారంతోనో మైనంతోనో వెంట్రుకలు లాగించుకుంటూ కళ్లనీళ్లు పెట్టుకున్న అక్కాచెల్లెళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. ‘ఆడపిల్లన్నాక తప్పదు’ అన్నాం.

ఇప్పుడు అద్దం అబ్బాయి వైపు తిరిగింది. పెళ్లికి ముందే ఫొటోషూట్లు. చెరువు గట్టున, గోదావరి ఒడ్డున రకరకాల భంగిమలు. ఫోన్లలో ముందే ఫొటోలు మారుతున్నాయి. చదువుకున్న అమ్మాయి తన ఇష్టం చెబుతోంది. చెప్పాలి కూడా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటే గల్ఫ్ గుర్తొస్తుంది. దుబాయ్, మస్కట్, సౌదీల్లో పనిచేసే అబ్బాయికి సెలవు దొరికేదే కొన్ని వారాలు. ఆ కాస్త గడువులోనే చూపులు, మాటలు, లగ్నం అన్నీ అయిపోవాలి. ఎండలో, సిమెంటులో నలిగిన ఒళ్లు అంత తొందరగా మెరవమంటే మెరుస్తుందా? ఆ తొందరే తప్పులు చేయిస్తుంది. ముందురోజు రాత్రి పూసుకున్న క్రీముతో ఛాతీ కాలి, మంటను చొక్కా కింద దాచుకుని పెళ్లిచూపుల్లో నవ్వాల్సి వస్తే ఎలా ఉంటుంది?

ఆడవాళ్లు ఇన్నేళ్లు పడిందే ఇప్పుడు మగవాళ్లకు కొద్దిగా తెలుస్తోంది. తెలిస్తే మంచిదే. ‘నాకు జరిగింది కాబట్టి నీకూ జరగాలి’ అనే కన్నా, ‘ఇద్దరికీ వద్దు’ అనుకుంటే ఇంకా మంచిది. తన ఛాతీని చూసి నవ్వితే నొచ్చుకునే అబ్బాయి, రేపు భార్య చేతుల మీది వెంట్రుకల గురించి మాట తూలకుండా ఉంటే చాలు. ఈ మోజు వల్ల ఇంటికి జరిగే మేలు అదే.

ఇంకో మాట. ‘రొమ్ము మీద వెంట్రుకలు లేని మగవాణ్ని నమ్మొద్దు’ అని కొందరు సరదాగా అంటుంటారు. వెంట్రుకలు తక్కువున్న కుర్రాళ్లకు అదో గుచ్చుడు. నిజానికి ఒంటి వెంట్రుకలు ఎంత మొలవాలన్నది వంశాన్ని బట్టి, మగ హార్మోనుకు వెంట్రుక కుదుళ్లు స్పందించే తీరును బట్టి ఉంటుంది. హార్మోను సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ మొలవొచ్చు. ధైర్యానికీ, మగతనానికీ, నమ్మకానికీ దీంతో సంబంధం లేదు. ఉన్న వెంట్రుకలు ఉన్నట్టుండి రాలిపోతుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి.

చర్మం ఏమంటోంది?

సరే, తీసుకోవాలనే ఉంది. తప్పేం లేదు. జగిత్యాల ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. సిరిసిల్ల సాంచాల షెడ్డులో రోజంతా చెమటోడ్చే మనిషికి చంకల్లో వెంట్రుక తగ్గితే హాయిగానే ఉంటుంది. చెమటకు మొదట వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడే కంపు. వెంట్రుకలు ఆ తడిని పట్టి ఉంచుతాయి. కాబట్టి కత్తిరిస్తే వాసన తగ్గుతుంది. రోజూ సబ్బుతో కడిగితే ఇంకా తగ్గుతుంది.

అన్నిటికన్నా మేలైంది కత్తిరించడం. ట్రిమ్మరుతో పొట్టిగా చేస్తే చర్మం తెగదు. ఆపరేషన్ల ముందు రోగి వెంట్రుకలు గొరగొద్దని, తప్పనిసరైతే క్లిప్పరుతో కత్తిరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఆసుపత్రులకు చెప్పింది. బ్లేడు చేసే కంటికి కనిపించని గాట్లలోంచే క్రిములు లోపలికి వెళ్తాయి మరి.

బ్లేడుతో గీస్తే రెండు చిక్కులు. ఒకటి గాట్లు. రెండు, వంకీ తిరిగిన వెంట్రుక బయటికి రాకుండా చర్మంలోకే మొలవడం. అప్పుడు ఎర్రటి కురుపులు లేస్తాయి. మన రంగు చర్మం మీద అవి తగ్గాక నల్లమచ్చలుగా మిగులుతాయి. గీయక తప్పకపోతే వేణ్నీళ్లతో తడిపి, నురగ పెట్టి, కొత్త బ్లేడుతో వెంట్రుక వాలిన దిక్కుకే గీయాలి.

క్రీములది ఇంకో కథ. వాటిలోని థయోగ్లైకొలేట్ లవణాలు వెంట్రుకలోని కెరాటిన్‌ను కరిగిస్తాయి. చర్మంలోనూ కెరాటినే ఉంటుంది! డబ్బా మీద రాసినదానికన్నా ఒక్క నిమిషం ఎక్కువ ఉంచినా కాలిపోవచ్చు. ముందురోజు చేతి మీద కొద్దిగా రాసి చూసుకోవాలి. మర్మస్థానాల దగ్గర మాత్రం అసలు వాడొద్దు.

వ్యాక్స్ కుదుళ్లతో లాగేస్తుంది. కొన్ని వారాలు నున్నగా ఉంటుంది. ఛాతీ మీద లాగితే నొప్పి మాత్రం చెప్పనలవి కాదు. కురుపులూ రావచ్చు. లేజర్ వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని కుదురును కాలుస్తుంది. మన చర్మంలోనూ ఆ రంగే ఉంటుంది కాబట్టి సరైన యంత్రం కావాలి. చామనఛాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ క్షేమం. చాలాసార్లు చేయించుకోవాలి. వెంట్రుకలు బాగా తగ్గుతాయే తప్ప ఒక్కటీ లేకుండా పోతాయన్న హామీ లేదు. చర్మవైద్యుల దగ్గరే చేయించుకోవాలి.

ముక్కులో, చెవుల్లో వెంట్రుకలను పీకొద్దు. చిన్న కత్తెరతో కొసలు కత్తిరిస్తే చాలు.

అపోహ... నిజం

గీస్తే దట్టంగా మొలుస్తుందా? మొలవదు. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ నలుగురు మగవాళ్ల మీద పరీక్షించి చూసింది. గీయడం వల్ల మందమూ మారలేదు, వేగమూ మారలేదు. సన్నటి కొస తెగి మొద్దుగా ఉండటంతో గరుకుగా అనిపిస్తుందంతే.

ఒంటి వెంట్రుకలు తల వెంట్రుకల్లా పెరుగుతూ పోతాయా? పోవు. తల వెంట్రుక కొన్నేళ్లపాటు పెరుగుతుంది. ఒంటి వెంట్రుక కొన్ని నెలల్లోనే పెరగడం ఆపేసి రాలిపోతుంది.

గడ్డం రావడానికి మందు మంచిదేనా? కుర్రాళ్లు రాసుకునే మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు కనిపెట్టిన మందు. బట్టతలకు పనికొస్తుందని తర్వాత తేలింది. డాక్టరును అడక్కుండా ముఖానికి రాయడం మంచిది కాదు.

మాటలు చెప్పే కుర్చీ

ఊళ్లో మగవాడు తల వంచేది ఒక్క మంగలి ముందే అంటారు. అందం గురించి కుర్రాడు మొదటిసారి నోరు విప్పేదీ ఆ కుర్చీలోనే. కటింగ్ షాపులో పాత కత్తులు పోయి ట్రిమ్మర్లొచ్చాయి. ఫేషియళ్లొచ్చాయి. కుర్రాళ్ల మోజు మీద నాయీబ్రాహ్మణ కుటుంబాలకు నాలుగు రూపాయలు దొరుకుతున్నాయంటే సంతోషమే. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూతపడి ఆ కుటుంబాలు పడ్డ పాట్లు తక్కువేం కాదు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది.

అక్కడ మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే. కొత్త బ్లేడు మీ కళ్లముందే విప్పాలి. హెపటైటిస్-బి వైరస్ మనిషి ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. రక్తం కనిపించకపోయినా పాత బ్లేడుతో అది అంటుకోవచ్చు. హాస్టల్ గదిలో నలుగురు స్నేహితులు ఒకే రేజరు వాడటమూ అంతే ప్రమాదం. టిఫిను పంచుకోండి... బ్లేడు మాత్రం వద్దు.

నాన్న చెప్పాల్సిన పాఠం

ఆడపిల్ల ఎదిగితే తల్లి పక్కన కూర్చుని నాలుగు మాటలు చెబుతుంది. మగపిల్లాడికి మీసం మొలిస్తే తండ్రి ఏమీ చెప్పడు. బజార్నుంచి బ్లేడు కూడా తేడు. వాడే నేర్చుకుంటాడులే అంటాడు. వాడు నేర్చుకుంటాడు... స్నేహితుల ఎగతాళి నుంచి, ఫోన్లోని ప్రకటనల నుంచి. అక్కడ చెప్పే పాఠం ఒక్కటే... ‘నువ్వు సరిగా లేవు, ఇది కొనుక్కో’.

ఆ మౌనాన్ని నాన్నలే పగలగొట్టాలి. గీయడం ఎలాగో చూపించాలి. ఏది ఒంటికి మంచిదో, ఏది కాదో చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి కూడా వీడియోకాల్‌లో మార్కులతోపాటు ఈ మాట ఒకటి అడగొచ్చు. నాన్న దూరంగా ఉంటే మేనమామ చెప్పొచ్చు, అన్న చెప్పొచ్చు, తాత చెప్పొచ్చు. ముఖ్యంగా చెప్పాల్సింది ఇది... ‘శుభ్రంగా ఉండు. తీయాలనిపిస్తే తీసుకో, ఉంచాలనిపిస్తే ఉంచుకో. ఎవరో నవ్వారని మాత్రం ఒళ్లు కాల్చుకోకు.’

వరాహమిహిరుడు వెంట్రుకలు లెక్కపెట్టి రాజెవరో చెప్పాడు. ఇవాళ ఫోను లెక్కపెట్టి హీరో ఎవరో చెబుతోంది. ఒంటి మీద వెంట్రుకలను లెక్కపెట్టి సంసారం చేసిన ఆడది మాత్రం ఇంతవరకూ లేదు. ఆమె లెక్కపెట్టేవి వేరే ఉన్నాయి... పలకరించిన మాటలు, నిలబెట్టుకున్న మాటలు.